నత్తకు కామెర్లు

మధ్యాహ్నం మొదటి పీరియడ్. మీడియా ఆర్ట్స్ గదిలో తెర మీద ఒక మట్టి నత్త మెట్లెక్కుతోంది. మూడో మెట్టు చేరగానే దాని ఒళ్లు పసుపు రంగుకు తిరిగింది. కాసేపటికి మామూలైంది. మళ్లీ పసుపుబారింది.

"నత్తకు కామెర్లొచ్చాయిరోయ్," అన్నారెవరో వెనక బెంచీ నుంచి. క్లాసంతా నవ్వింది.

నవ్వనివారు ఇద్దరే. ఒకరు ఆ సినిమా తీసిన అమ్మాయి. ఆమెను అందరూ డైరెక్టరమ్మ అనేవారు. రెండోది ఆమె స్నేహితురాలు, గుండ్రటి ముఖం వల్ల గుండీ అని పేరుపడిన పిల్ల. ఒకరు లైటు వెలుగులో నత్తను వెంట్రుకవాసి జరిపితే, మరొకరు ఫొటో తీసేవారు. ఇరవై ఫొటోలకొకసారి పనులు మార్చుకునేవారు. అలా పన్నెండు రోజుల్లో రెండు వందల నలభై ఫొటోలు తీశారు. వాటిని వేగంగా తిప్పితే నత్త నడుస్తుంది. శుక్రవారం తల్లిదండ్రుల ముందు ప్రదర్శన.

"లైటు కదిపింది నువ్వే," అంది డైరెక్టరమ్మ, అందరూ వినేలా. "నీ చెయ్యి ఊరుకోదు కదా."

"నేను ముట్టుకోలేదు."

"మరి దానంతటదే కదిలిందా?"

 గుండీ సినిమా లెక్కలు రాసే నోటుపుస్తకాన్ని బల్ల మీద పెట్టి, వెళ్లి వేరే బెంచీలో కూర్చుంది.

టీచరుగారు తెర ఆపారు. "ఎవరన్నది తర్వాత. ముందు ఎప్పుడన్నది తేల్చు. రంగు మారిన ఫొటోల నంబర్లు రాసుకురా."

బడి వదిలాక డైరెక్టరమ్మ ఒక్కతే కూర్చుని ఫొటోలన్నీ చూసింది. రంగు మారినవి నూట ఇరవై ఒకటి నుంచి నూట నలభై వరకు. తర్వాత నూట అరవై ఒకటి నుంచి ఇరవై. రెండు వందల ఒకటి నుంచి మరో ఇరవై. గుండీ తప్పు రుజువు చేద్దామని నోటుపుస్తకం తెరిచింది. నత్త ఏ ఫొటోకు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో, ఎవరు జరిపారో, ఎవరు ఫొటో తీశారో అందులో ఉంది.

ఆ అరవై ఫొటోలకూ కెమెరా దగ్గర ఉన్నది తనే.

తనూ లైటు ముట్టుకోలేదే. లేచి, ఎప్పటిలాగే లైటు వేసి కెమెరా పక్కన నిలబడింది. కెమెరాలో నత్త పసుపుబారింది. వెనక్కి జరిగింది. నత్త మట్టి రంగుకు వచ్చింది. అప్పుడు తన ఒంటి వైపు చూసుకుంది.

అత్తయ్య అల్లిన పసుపు స్వెట్టర్. చలి మొదలైన రోజు నుంచి అదే వేసుకుంటోంది. లైటు వెలుగు దాని మీద పడి, అక్కడి నుంచి నత్త మీద పడుతోంది.

గదిలో ఎవరూ లేరు. స్వెట్టర్ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా. కానీ గుండీని అన్న మాట క్లాసంతా విన్నది.

మర్నాడు డైరెక్టరమ్మ ఆ స్వెట్టర్‌తోనే క్లాసు ముందు నిలబడి, లైటు వేసి, ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ వేసి చూపించింది.

"నత్తకు కామెర్లు నా వల్ల వచ్చాయి. గుండీ లైటు ముట్టుకోలేదు. నిన్న మీ అందరి ముందూ అన్నాను, అందుకే మీ అందరి ముందూ చెబుతున్నాను." గుండీ వైపు తిరిగింది. "సారీ, గుండీ."

 గుండీ లేచి వచ్చి నోటుపుస్తకం అందుకుంది.

"ముందా స్వెట్టర్ విప్పు. మళ్లీ తీయాల్సినవి అరవై ఫొటోలున్నాయి మనకి."

శుక్రవారం హాలు నిండింది. నత్త నాలుగో మెట్టు మీద ఉండగా తెర ఆరిపోయింది. ప్రొజెక్టర్ పక్కన కూర్చున్నది గుండీ. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. డైరెక్టరమ్మ మాత్రం వంగి, ముందుగా తన కాళ్ల కింద వైరేమైనా ఉందేమోనని చూసుకుంది. లేదు. వైరు వెంట గోడ దాకా వెళ్లి, వదులైన ప్లగ్గును గట్టిగా నొక్కింది.

నత్త పై మెట్టు చేరేదాకా మట్టి రంగులోనే ఉంది. చప్పట్లు మొదలయ్యాయి.

"ఇంత నున్నగా ఎలా నడిపించావే?" అంది డైరెక్టరమ్మ వాళ్లమ్మ.

"నేనొక్కదాన్నే కాదు, గుండీ కూడా నడిపించింది, అమ్మా," అంటూ స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"నత్తకు నయమైంది," అంది వెనక నుంచి ఆ పాత గొంతే.

ఈసారి అందరికన్నా ముందు నవ్వింది వాళ్లిద్దరే.