కోటు జేబులో గూడు

"ఆ కోటు ముట్టుకోకండి!"

ఉలిక్కిపడ్డాను. మా అక్క వడ్రంగి షెడ్డులో నన్ను కేకలేసే హక్కు అక్క ఒక్కదానికే ఉంది. చూస్తే గుమ్మంలో ఎవరో అమ్మాయి. మెడలో బైనాక్యులర్స్, చేతిలో తడిసిన నోట్‌బుక్.

"నా కోటేనండీ. బయట వాన."

"జేబులో గూడుంది."

నిజమే. వారం క్రితం మేకుకి తగిలించిన కోటు జేబులో నాచు కూరి ఉంది. దాని మీద బొటనవేలంత పిట్ట తోక నిక్కబొడుచుకుని షెడ్డు అదిరేలా పాడుతోంది.

"మగపిట్ట. ఐదారు గూళ్ళు కడుతుంది. ఆడది వచ్చి అన్నీ చూసి, నచ్చినదాంట్లో ఈకలు పరుస్తుంది. అప్పుడే సంసారం" అంది.

"ఆరు ఇళ్ళా! పాపం, పెళ్ళి చేసుకోవాలంటే ఇంత కష్టమా?"

"మీకింకా కాలేదటగా."

"మీకెలా తెలుసు?"

"మీ అక్కగారు చెప్పారు. నేను అడక్కుండానే."

మా ఊరి అడవిలో పిట్టల మీద పరిశోధన చెయ్యడానికి వచ్చిందట. ఆ రోజు నుంచి ఆ పిట్టల మేడమ్ రోజూ వచ్చి గూడు కాపలా కాసేది. పిట్ట బెదురుతుందని నేను సుత్తి పక్కనపెట్టి, చడీచప్పుడూ లేకుండా బల్లలు నున్నచేసేవాణ్ణి. మధ్యమధ్యలో గుసగుసగా కబుర్లు. మూడో రోజుకే నా పని అయిపోయింది, మనసు పారేసుకున్నాను!

చిక్కల్లా ఒక్కటే. శనివారంలోగా ఏ ఆడపిట్టా ఈకలు పెట్టకపోతే ఆమె ఇంకో అడవికి వెళ్ళిపోవాలి.

శుక్రవారానికీ గూడు ఖాళీ. శనివారం పొద్దున్నే బుద్ధున్నవాడెవడూ చెయ్యని పని చేశాను. అక్క ఈకల దిండు కోసి, గుప్పెడు ఈకలు గూట్లో కూరేశాను.

ఆమె వచ్చి టార్చి వేసింది.

"ఈకలు! ఆడపిట్ట వచ్చిందండీ!" అంటూ నా చెయ్యి పట్టుకుని గెంతింది. పెన్ను తీసింది.

"ఒరేయ్! నా దిండు కోసింది నువ్వేనా?" అక్క చిరిగిన దిండుతో ఊడిపడింది.

పెన్ను ఆగిపోయింది. ఆమె దిండునీ గూటినీ నన్నూ చూసింది.

"మీరా? ఇది నిజమని రాసేసుంటే? ఏడాది కష్టమండీ ఇది!"

"తప్పే. పిట్ట రాకపోతే మీరు వెళ్ళిపోతారు. మీరు వెళ్ళిపోతే నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. మీరంటే నాకిష్టం."

ఆమె పట్టకారుతో ఈకలు ఒక్కొక్కటే బయటికి తీసింది.

"నిన్న సాయంత్రమే మా సార్‌కి ఫోన్ చేశాను, ఇంకో నెల ఇక్కడే ఉంటానని" అంది చివరికి.

"గూడు ఖాళీగా ఉంది కదా?"

"ఖాళీ అనే చెప్పాను."

"మరెందుకు ఉంటానన్నారు?"

"ఓరి మొద్దూ! అది కూడా నేనే చెప్పాలా?" అంది అక్క.

"చెప్పకండి వదినా. ఆయనకే తెలుస్తుంది."

వదినా! నా బుర్రకి ఎక్కడానికి కాస్త టైమ్ పట్టింది. అక్కకి అంత కూడా పట్టలేదు. దిండు నా మొహాన విసిరేసి, వెళ్ళి ఆమెని గట్టిగా కౌగిలించుకుంది.