వలలో జెర్రిపోతు

మూడో పీరియడ్ నడుస్తోంది. వాగుడుకాయ నోరు విప్పలేదు. క్లాసంతా ఆ పిల్లను అలాగే పిలుస్తుంది. అలాంటిది ఈ రోజు పక్క పిల్ల గిల్లినా ఉలుకూ పలుకూ లేదు.

ఆమె కళ్ళ ముందు జెర్రిపోతే మెదులుతోంది. తాతయ్య మొక్కల నర్సరీలో ఇటుకల గుట్ట కింద ఉండే పాము అది. నారుమడి మీద పిట్టలు వాలకుండా పగలంతా నైలాన్ వల కప్పుతారు. సాయంత్రం దాన్ని చుట్టి అటక మీద పెట్టడం ఈమె పని. నిన్న ఆటకు వేళైందని నేల మీదే వదిలేసింది. తాతయ్య అడిగితే, "ఎప్పుడో చుట్టేశా!" అని టకీమని అబద్ధం ఆడేసింది.

పొద్దున చూస్తే పాము ఆ వలలో చిక్కి గింజుకుంటోంది. తాతయ్య అవతల బండికి మొక్కలు ఎక్కిస్తున్నాడు. చెబితే నిన్నటి అబద్ధం బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా బడికి వచ్చేసింది.

ఉన్నట్టుండి లేచి అడిగింది: "టీచర్, వలలో చిక్కిన పాము ఎంతసేపు బతుకుతుంది?"

"ఈ ఎండలోనా? ఎక్కువసేపు బతకదమ్మా. ఎందుకు?"

లంచ్ బెల్ కొట్టగానే నర్సరీకి పరుగు తీసింది.

తాతయ్య మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరతో ఒక్కో దారమూ కత్తిరిస్తున్నాడు. దారం పాము మెడలోకి దిగిపోయింది. అంతా నెత్తురు.

"భయపడకు. దీనికి విషం లేదు" అన్నాడు.

ఆఖరి దారం తెగింది. తోక ఒక్కసారి కదిలి ఆగిపోయింది.

"మూడేళ్ళుగా ఎలుకల్ని తిని నారును కాపాడింది" అన్నాడు తాతయ్య. "నువ్వు చుట్టి పెట్టిన వలను పొద్దున హడావిడిలో నేనే తీసి పడేసుంటాను. ఏం చేస్తున్నానో నాకే గుర్తుండట్లేదు తల్లీ. ఇక ఈ నర్సరీ నా వల్ల కాదేమో."

వాగుడుకాయ ఊరుకుంటే గండం గడిచినట్టే. కానీ తాతయ్య ముఖం చూడలేకపోయింది.

"నువ్వేం మర్చిపోలేదు తాతయ్యా. నేనే చుట్టలేదు. నీతో అబద్ధం చెప్పాను. పొద్దున ఇది బతికుండగా చూశాను కూడా."

తాతయ్య కత్తెర కింద పెట్టాడు. తిట్టలేదు.

"అప్పుడే చెప్పుంటే బతికేది" అన్నాడు.

"అవును తాతయ్యా" అంది. సాకులేవీ చెప్పలేదు.