పలుకుతోడుకి తెలియని పేరు

"మళ్ళీ పంచదార మర్చిపోయారా?" అని అడిగింది హవిష. అడిగింది ఆవిడే గాని, పెదవులు మాత్రం కదల్లేదు. చెవి వెనక అతికించిన చింతగింజంత పలుకుతోడు ఆవిడ గొంతుతోనే ఆ మాట అందించింది.

రెండేళ్ల కిందట మెదడులో నెత్తురు గడ్డకట్టి మాట పడిపోయాక, భీమవరంలో అలాంటి వాళ్ళందరికీ పెట్టినట్టే ఆవిడకీ దాన్ని పెట్టారు. ముప్ఫై ఏళ్లుగా ఇంటి గోడలు విని దాచిన ఆవిడ మాటల్లోంచి, మనసులో మెదిలినదాన్ని బట్టి కావలసింది ఏరి ఇస్తుంది. వెతుక్కునే బాధే లేదు. దెప్పుళ్ళు కూడా పొల్లుపోకుండా వస్తున్నాయని భర్త ప్రణీత్ మురిసిపోయేవాడు.

ఆ మురిపెం పదింటికల్లా ఆవిరైంది. జ్ఞాపకాల తనిఖీకి వచ్చిన యుక్త అనే అమ్మాయి ప్రణీత్‌ని చూపించి, "బామ్మగారూ, ఈయన ఎవరండీ?" అంది.

"మావారు."

"పేరు?"

పలుకుతోడు పలకలేదు. మూడుసార్లు అడిగినా అంతే. హవిష తల దించుకుంది.

"తోడుండే మనిషి పేరు చెప్పలేకపోతే, ఆ మనిషిని మర్చిపోయినట్టే లెక్కండి. సాయంత్రానికల్లా, మతిమరుపు వాళ్ళనుంచే జ్ఞాపకశాలకి పంపాలి," అంది యుక్త. చెబుతుంటే ఆ పిల్ల మొహమూ చిన్నబోయింది.

ప్రణీత్ అడ్డొచ్చాడు. "మర్చిపోవడమేంటమ్మా! యాభై ఏళ్ల కాపురంలో నా పేరెత్తితేగా! మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గిపోద్దని వాళ్ళ నాయనమ్మ చెప్పిందంట. ఎన్నడూ వినని మాట ఆ యంత్రం ఎక్కణ్ణుంచి తెస్తది?"

"ఒక్కసారైనా అనలేదాండీ?"

"ఎందుకనలేదు?" అంది వీధిగుమ్మంలోంచి ప్రణీత్ చెల్లెలు నీహారిక. పక్కవీధిలో ఉంటుంది, కబురు తెలిసి పరిగెత్తుకొచ్చింది. "కాపురానికొచ్చిన రోజు, ఈ గోడలకి ఇంకా చెవుల్లేనప్పుడు, నేను గుమ్మానికి అడ్డం నిలబడితే అంది. అన్నయ్యా, వదినని బయటికి తీసుకురా."

ఇద్దరూ బయటికొచ్చాక, మోకాళ్ల నొప్పుల డెబ్బై ఏళ్ల ఆడపడుచు రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పేర్లు చెప్తేగాని లోపలికి రానివ్వను!"

"నేనూ, మా హవిషా వచ్చాం," అన్నాడు ప్రణీత్. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ వంతే వదినా!"

పలుకుతోడు మళ్ళీ మూగనోము పట్టింది. హవిష గడపకేసి చూసింది, ఆడపడుచుకేసి చూసింది. రెండేళ్లుగా కదలని పెదవులు కదిలాయి.

"నేనూ... ప్ర... ప్రణీత్ గారూ... వచ్చాం."

బొంగురు గొంతు, అచ్చంగా ఆవిడదే. అనేసి, భయంతో గబగబా లెంపలేసుకుంది. యుక్త కళ్లు తుడుచుకుని, ఇంట్లోనే ఉండవచ్చని రాసుకుంది.

తీరా మర్నాడు పొద్దున్నే పలుకుతోడు, నిన్న విన్న పేరుతో కొత్త విద్య చూపించింది. "ప్రణీత్! కాఫీ!"

హవిష ఉలిక్కిపడింది. చెవి వెనక నుంచి దాన్ని పీకి బల్ల మీద పడేసింది. మొగుడి మొహంలోకి చూస్తూ, "ఏ... ఏ..." అంటూ వెతుక్కోసాగింది.

ఆ మాటేదో ప్రణీత్‌కి తెలుసు. అందించాలని నోటిదాకా వచ్చినా నాలుక కరుచుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది, మీద మీగడ కట్టింది. ఆయన కదల్లేదు.

"ఏ... ఏవండీ," అంది హవిష.

"వస్తున్నానే," అన్నాడు ప్రణీత్, ఎదురుగానే కూర్చుని.