ఇల్లంతా మీదే

"అమ్మా... నా గదిలో ఎవలో ఉన్నారే!"

పురిటికి పుట్టింటికొచ్చిన ఫెబా నిండు కడుపుతో హాల్లో నిలబడిపోయింది. ఆమె మంచం మీద ఎవరి పిల్లలో ఎగురుతున్నారు. ఆమె అద్దం ముందు ఎవరో ఇల్లాలు తల దువ్వుకుంటోంది. వంటింట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చిన తల్లి జయమణి, అప్పుడే దిగిన టూరిస్టులు ఆ గదిలో కూడా సామాను పరిచేయడం చూసింది. ఫెబా గది ఈ వారం ఎవరికీ ఇవ్వొద్దని భర్తకు ఎన్నిసార్లు చెప్పింది! సరేనన్నాడే! తల కూడా ఊపాడే!

"ఏటండీ ఇది? పిల్లొస్తాదని తెలిసి కూడా ఎలాగిచ్చీసారు? వచ్చినోళ్లు మేడ మీద పడుకుంటారన్నారు కదా!"

రత్నరాజు ఫోన్లోంచి తలెత్తలేదు. "డిసెంబరు సీజనే! హైదరాబాదోళ్లు ఇల్లు మొత్తం అడిగీసారు. నాలుగు రోజులే కదేటి, సర్దుకుంటే పోలేదా?"

సర్దుకోవడం! ఆ మాట వింటేనే జయమణికి ఒళ్లు మండింది. పెళ్లయిన నాటి నుంచీ స్టీల్ ప్లాంటు క్వార్టర్సులో సర్దుకుంటూనే బతికింది. గోడకు మేకు కొట్టాలన్నా, మనది కాదు కదా అని చెయ్యి వెనక్కి తీసుకుంది. భర్త రిటైరైన డబ్బంతా పోసి పెదవాల్తేరులో ఇల్లు కొన్ననాడు ఆ గోడల్ని చేత్తో తడిమి తడిమి ఏడ్చిందా పిచ్చితల్లి! ఆదివారం చర్చిలో క్వయరుతో కలిసి పాడాలి, వచ్చి తన ఇంటి తాళం తానే తీసుకోవాలి, ఫ్యాను కింద కాసేపు నడుం వాల్చాలి. ఆమె కోరుకున్న బతుకు అంతే!

ఆయనగారు మాత్రం ద్వారకా నగర్‌లో ఇళ్ల అద్దెల మీద ఏదో మీటింగుకు వెళ్లొచ్చారు. అక్కడ కోటు వేసుకున్నాయన చెప్పాడట... ముందు మీకెలాంటి జీవితం కావాలో తేల్చుకోండి, అద్దె సంగతి ఆ తర్వాత అని. నెలవారీ అద్దెకిస్తే రాబడి తక్కువ, నిశ్చింత ఎక్కువ. టూరిస్టులకు రోజువారీ ఇస్తే రాబడి ఎక్కువ, చాకిరీ ఎక్కువ. మంచి మాటే, కాదనలేం! మన రత్నరాజుగారికేమో రోజువారీ రాబడీ కావాలి, నెలవారీ నిశ్చింతా కావాలి. కాలు మీద కాలేసుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చోవాలని ఆయన ముచ్చట. మరి ఆ చాకిరీ ఎక్కడికి పోతుంది? తిన్నగా వచ్చి జయమణి నడుం మీద పడింది. నీకెలాంటి జీవితం కావాలే అని ఆమెను అడిగినవాళ్లు లేరు.

రెండేళ్ల కిందట, మొదట మేడ మీద గదులిచ్చారు. ఆనక, ఇంట్లో ఓనర్లుంటే టూరిస్టులు మొహమాటపడతారని ఎవరో అన్నారట. అంతే! ఎవరైనా ఇల్లు మొత్తం అడిగితే కాదనకుండా, "ఇల్లంతా మీదే" అని ఫోన్లో ప్రకటన పెట్టేశాడు. భార్యతో సహా పెరట్లో రేకుల గదిలోకి మారిపోయాడు. దుప్పట్లు, బాత్రూములు, టిఫిన్లు... ఒకళ్లు దిగేదీ ఇంకొకళ్లు ఖాళీ చేసేదీ ఆదివారం పొద్దున్నే. జయమణి పాట చర్చిలో వినబడి ఎన్నాళ్లయిందో! ఒకసారి ఎవరో వెళ్తూ వెళ్తూ, "పనావిడ చాలా మంచిది" అని రాసి ఐదు నక్షత్రాలిచ్చారు. రత్నరాజు దాన్ని మురిసిపోతూ భార్యకే చదివి వినిపించాడు. ఆవిడ మా ఆవిడండీ అని ఒక్క ముక్క రాయాలని మాత్రం ఆయనకు తోచలేదు!

ఇంతలో నిలబడలేక ఫెబా సోఫాలో ఒరిగింది. గదిలోని ఇల్లాలు బయటికొచ్చి ముఖం చిట్లించింది.

"ఈ అమ్మాయెవరండీ? ఇల్లంతా మాకేనన్నారుగా?"

రత్నరాజు ఒక్క క్షణం తడబడ్డాడు. "అబ్బే, ఎవరూ కాదండి... మా పనావిడ కూతురు. ఇప్పుడే పంపించేస్తానండి."

ఎంత మాట! కన్నతండ్రి నోట ఎంత మాట! గుమ్మంలో సామాను దించుతున్న అల్లుడు యోహాను చేతిలో సంచి అలాగే ఆగిపోయింది. ఫెబా తండ్రి వైపు చూసింది. "డాడీ..." అంది, అంతే.

జయమణి నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"యోహానూ, సామాను మళ్లీ కారులో ఎట్టు నాయనా. లే తల్లీ... మనింటిక్కాదు వచ్చింది మనం!"

పద్మనాభం ఊళ్లో వియ్యపురాలు, యోహాను తల్లి ప్రసన్నకుమారి గుమ్మంలోకి ఎదురొచ్చింది. పురిటికి పంపిన కోడలు ఆ పూటే తిరిగొస్తే ఏ అత్తగారైనా నాలుగు మాటలనదా? ఆవిడ ఒక్కటీ అనలేదు.

"నా కూతురికి పురుడు పొయ్యడానికి నాకే గది నేదు వదినగారూ!" అంటూ జయమణి భోరుమంది.

"ఊరుకోండొదినా... ఇది మీ ఇల్లు కాదేటి?" అంటూ ప్రసన్నకుమారి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఇంట్లో ఉన్న రెండు చిన్న గదుల్లో ఒకటి ఖాళీ చేసి ఇచ్చేశారు.

రత్నరాజు ఫోన్లు చేశాడు. మొదట, "దుప్పట్లెక్కడెట్టినావే?" తర్వాత, "గీజరు పని సెయ్యడం నేదే..." ఆ తర్వాత, "ఎప్పుడొస్తావే?" కూతురెలా ఉందన్న మాట చిట్టచివరి ఫోనులో వచ్చింది. అప్పటికే ఫెబాకు ఆడపిల్ల పుట్టింది.

పసిపాప కోసం ఇంట్లో ప్రార్థన పెట్టిన రోజున ఆయనే వచ్చాడు. గడ్డం మాసి, ఒంటిచేత్తో ఉయ్యాల మోసుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అందర్నీ పంపించీసానే," అన్నాడు మెల్లగా. "పిల్ల గది కడిగీసాను. నానే కడిగీసాను."

జయమణి పక్కనున్న పొరుగింటావిడ ఆరా తీసింది. "ఎవలమ్మా ఆయన?"

జయమణి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మాం పని సేసే ఇంటి ఓనరుగారండి."

రత్నరాజు ఉయ్యాల కింద పెట్టాడు.

"కాదండీ," అన్నాడు పొరుగింటావిడతో, అందరికీ వినబడేలా. "ఆవిడ... మా ఆవిడండీ! లోపలున్నది నా కూతురండీ!"

రెండేళ్లుగా జయమణి ఎదురుచూసిన మాట అది. అన్నాడు, చివరికి అన్నాడు! కానీ అది వింటూ నిలబడేందుకు ఆమెకిప్పుడు తీరిక లేదు. లోపల పసిది ఏడుస్తోంది. జయమణి కొంగుతో కళ్లొత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.