ఎసటికి ముందు పిడికెడు

తెరమీద ఖాళీ కుండ బొమ్మ కనబడగానే త్రిపురసుందరి గుండె ఝల్లుమన్నది. ప్రక్కనున్న మానిటర్‌పై ఎర్రని గీత ఉవ్వెత్తున లేచి, చాలాసేపటికి గాని దిగిరాలేదు.

"చూశారా?" అన్నది డాక్టర్ నీలోత్పల. "ఇందాక పులి బొమ్మ చూపించినప్పుడు మీ గీత ఇందులో సగం కూడా లేవలేదు."

"పులిదేముంది డాక్టరమ్మా! ఒకమారు తిని దాని దోవన అది పోతాది. కరువు అట్లా పోదు కదా."

నీలోత్పల నవ్వలేదు. ఇటువంటి గీతలను ఆమె వేలకొద్దీ చూసింది.

సాగరపురంలో ఆనాటికి ఆకలి అన్నది నిఘంటువులో మిగిలిన మాట. ప్రతి వంటింటా ఒక నింపుడుగోడ ఉండేది. నెలసరి చందా కట్టినవారికి తెల్లవారేసరికి బియ్యము, పప్పు, కూర, నూనె భూగర్భపు గొట్టాల గుండా వచ్చి ఆ గోడ అరలలో నిండేవి. అయినా నగరవాసులు కొంటూనే ఉండేవారు. ఉన్నది చాలదేమో, రేపు దొరకదేమో, ప్రక్కవాడికి ముందుగా దక్కునేమో అన్న చింత వారిని నిద్రపోనిచ్చేది కాదు. సుఖము ఇంటిలోనికి వచ్చింది గాని, మనసులోనికి రాలేదు.

సుందరి అనంతపురం మెట్టలో, వరుసగా వానలు ముఖం చాటేసిన కాలాన పుట్టింది. పెళ్లై ఈ నగరానికి వచ్చి, ఆకాశాన్నంటే భవనంలో కాపురం పెట్టినా, మంచం క్రింద బియ్యపు బస్తాలు, స్నానాల గదిలో నూనె డబ్బాలు, దేవుడి మందిరం వెనుక సబ్బులు పేరుస్తూనే ఉండేది. భర్త సోమశేఖరం మెట్రో రైలు కంట్రోల్ రూములో ఉద్యోగి. జీతమంతా బస్తాలుగా మారుతున్నా పల్లెత్తు మాట అనేవాడు కాదు. "ఈ ఇంట్లో మనం అద్దెకున్నాం సుందరీ, బస్తాలే ఓనర్లు," అని మాత్రం వేళాకోళమాడేవాడు. నడిరేయి ఆమె లేచి బస్తాలను తడిమి చూసుకోవడం కనిపెట్టిన తరువాత ఆ వేళాకోళమూ మానుకొని, ఈ పరిశోధనాలయానికి తీసుకొని వచ్చాడు.

"మెదడులో లేమిని పసిగట్టే కణాల గుంపు ఒకటుంది," అని నీలోత్పల వివరించింది. "మీ ఇల్లు నిండినా, అది ఇంకా మీ చిన్ననాటి కరువులోనే కాపురం చేస్తున్నది. ఈ వడ్లగింజంత చిప్ పేరు అక్షయ. చెవి వెనుక అమరుస్తాం. ఆ కణాలు కేకవేసిన ప్రతిసారీ దీనినుండి ఎదురు తరంగం వెలువడి ఆ కేకను అణచివేస్తుంది."

"వద్దనుకుంటే తీసేయవచ్చునా?" అని అడిగాడు సోమశేఖరం.

"నిశ్చయంగా. కాని ఎవరో బలవంతపెట్టి తీయించకుండా ఒక కట్టుబాటు ఉంది. తీయించుకోవాలన్న ఆరాటం నిజంగా ఆమెలో ఉన్నదా అని చిప్పే కొలుస్తుంది. ఉన్నదంటేనే తాళం విడుతుంది."

సుందరి సరేనన్నది. నిద్ర కోసం ఆమె దేనికైనా సరేననే స్థితిలో ఉన్నది.

ఆ ఇంట కరువు నేర్పిన ఆచారం మరొకటి ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు, అందులోనుండి పిడికెడు తీసి మట్టి గురిగిలో వేయడం. అది ఆమె తల్లి నేర్పినది. "రేపు మనకు లేకపోవచ్చు. ఈ పొద్దే ఎవరికో లేదు," అనేదా తల్లి. గురిగిలో నిన్నటి పిడికెడు నేడు అన్నమయ్యేది. ఆ అన్నం ఎదురింటి విశాలాక్షమ్మకు చేరేది.

విశాలాక్షమ్మ వీణ టీచరు. శిష్యులందరూ యంత్రాల వద్ద నేర్చుకొనసాగిన తరువాత ఆమెకు రాబడి లేదు. చందా ఆగి నింపుడుగోడ మూతపడింది. ఆమె ఎవరితోనూ చెప్పలేదు. ఆ గుమ్మం నుండి పోపు వాసన రావడం మానినదని సుందరి ముక్కే కనిపెట్టింది.

"పిన్నిగారూ, ఈ పూట కూడా కొలత తప్పి ఎక్కువ వండాను. పారబోస్తే పాపం నాకు చుట్టుకుంటాది. మీరే కాపాడాల."

"ఏడాదిగా తప్పుతూనే ఉంది నీ కొలత! మీ అమ్మ నీకు వంట నేర్పలేదటే?" అని దెప్పుతూ విశాలాక్షమ్మ గిన్నె అందుకొనేది. నిజం ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దానిని గుమ్మం దాటనిచ్చేవారు కారు.

అక్షయ అమర్చిన నాటి రాత్రి సుందరి తెల్లవార్లూ కదలకుండా నిద్రపోయింది. సోమశేఖరం రెండుమార్లు లేచి ఆమె ఊపిరి చూసుకొన్నాడు. కొద్ది వారాలలో బస్తాలు, డబ్బాలు సేవాసంస్థ బండి ఎక్కాయి. హాలులో నేల కనబడింది. సాయంత్రాలు ఇద్దరూ సముద్రపు ఒడ్డున నడిచేవారు. ఆమె ముఖంలో ఏనాడూ లేని కాంతి. ఇంతటి సుఖం తన యింటికి రాసిపెట్టి ఉన్నదని అతడు ఎరుగడు.

ఒక ఉదయం సుందరి కొలిచిన బియ్యాన్ని నేరుగా ఎసట్లో పోసింది. చేయి గురిగి వైపు పోలేదు. పోలేదన్న సంగతి కూడా ఆమెకు తోచలేదు.

కొన్నాళ్లకు లిఫ్టు వద్ద విశాలాక్షమ్మ ఎదురైంది. గోడకు భుజం ఆన్చి నిలబడి ఉన్నది.

"ఏం సుందరీ, కొలత కుదిరినట్టుందే?"

"కుదిరింది పిన్నిగారూ. ఇప్పుడు మెతుకు మిగలడం లేదు. మీ భోజనమైందా?"

ఆ వృద్ధురాలు క్షణకాలం ఆమె కళ్లలోకి చూసింది. "అయింది తల్లీ. శుభం," అన్నది.

సుందరి చిరునవ్వు నవ్వి లిఫ్టెక్కింది. అయిందన్నారు కనుక అయి ఉంటుంది. లోకంలో ఎవరికైనా ఏదైనా లేకపోవడమన్నది ఆమె ఊహకు అందడం మానివేసింది.

తరువాతి వారం వాచ్‌మన్ ఆ తలుపు తెరిపించేసరికి విశాలాక్షమ్మ ప్రాణం అప్పటికే పోయింది. పొయ్యిమీద గిన్నెలో వట్టి ఎసరు మరిగి మరిగి ఇంకిపోయి ఉన్నది. వండుకొంటున్నట్టు ఇరుగుపొరుగుకు చప్పుడు వినబడాలని కాబోలు ఆమె పూటపూటా నీళ్లు మరిగించుకొన్నది.

సోమశేఖరం వెక్కివెక్కి ఏడ్చాడు. సుందరి ఆ ఖాళీ గిన్నెను చూస్తూ నిలబడింది. హృదయం గాలిలేని చెరువువలె ఉన్నది.

"సుందరీ! నీకు ఏడుపు రావడం లేదా?"

"రావాలి కదండీ," అన్నదామె మెల్లగా. "కాని నాకేమీ పోయినట్టు లేదు."

పొగను చూసి నిప్పును ఊహించినట్టుగా, ఆమె తన దుఃఖాన్ని తర్కంతో ఊహించింది. ఇక్కడ దుఃఖం ఉండవలసింది. లేదు. కనుక ఏదో తప్పింది. మరునాడే భర్తను వెంటబెట్టుకొని పరిశోధనాలయానికి వెళ్లింది.

నీలోత్పల ఖాళీ కుండ బొమ్మ చూపించింది. గీత కదలలేదు. వారు తెచ్చిన విశాలాక్షమ్మ ఫొటో చూపించింది. అప్పుడూ కదలలేదు.

"చిప్ చక్కగా పనిచేస్తున్నది. ఏ లోపమూ లేదు."

"మనిషి చనిపోయింది డాక్టరమ్మా! నేను అన్నం పెట్టక చనిపోయింది. నాకు బాధ లేదు."

"బాధ లేకపోవడం మంచిదే కదా?"

"లేమి తెలియకుండా చేసినారు. మనిషి లేకపోవడం కూడా ఆ లేమిలోదే కదా! దీన్ని తీసేయండి."

నీలోత్పల పరికరాన్ని ఆమె చెవి వెనుక ఆన్చింది. తెరమీద సున్న వెలిగింది. తాళం విడలేదు.

"తీయించుకోవాలన్న ఆరాటం మీలో లేదమ్మా. తీయించుకోవాలని మీకు తెలుసు, అంతే. కోరిక కూడా ఒక లేమే. దానినీ ఇది అణచివేస్తున్నది."

"అయితే ఈ కట్టుబాటు తప్పు!" అని సోమశేఖరం కేకవేశాడు. "ఇలా అవుతుందని మీకెందుకు తోచలేదు? మార్చండి. ఇందులో ఏదో లోటున్నదని మీకైనా అనిపించడం లేదా?"

"లోటా?" నీలోత్పల తలపోసింది. వెదకి చూసి, ఏమీ దొరకనట్టుగా మృదువుగా నవ్వింది. జారిన జుట్టును వెనక్కు దువ్వుకొన్నప్పుడు ఆమె చెవి వెనుక కూడా వడ్లగింజంత మెరుపు కనబడింది. "లేదండీ. అంతా నిండుగానే ఉంది."

ఆనాటి నుండి సుందరి ఎసట్లో బియ్యం పోసే ముందు ఆగి, తనకు తాను గుర్తుచేసుకొని, పిడికెడు తీయసాగింది. వండి, గిన్నెతో ఆ అంతస్తులోని తలుపులన్నీ తట్టేది. కొలత తప్పిందండీ అని పాఠంలా అప్పజెప్పేది. నగరంలో అప్పటికి అక్షయ లేని చెవి అరుదు. తలుపు తెరిచినవారందరూ ప్రసన్నంగా నవ్వి, మాకేమీ కొరత లేదమ్మా అనేవారు. వారిలో ఎవరు ఆకలితో ఉన్నారో వారికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

పుచ్చుకొనేవారు లేక వండడం మానింది గాని, తీయడం మానలేదు. గురిగి నిండింది. డబ్బా నిండింది. రెండేళ్లు గడిచేసరికి మంచం క్రింద మళ్లీ బియ్యపు బస్తా వెలసింది.

సోమశేఖరం ఈమారు వేళాకోళమాడలేదు. రాత్రులు మేలుకొని, నడిరేయి ఆమె లేచి ఆ బస్తాను తడిమి చూసుకొంటుందేమోనని ఆశగా కాచుకొనేవాడు.

ఆమె తెల్లవార్లూ హాయిగా నిద్రపోయేది.