ఏలీ గారి పత్తి గడ్డం

"ఎంతసేపమ్మా ఈ మత్తు? ఇక చాలించు!"

కెజియా అరిచిన అరుపుకు గడ్డం సగం ఊడి వేలాడింది. పిల్లలంతా పకపకా నవ్వారు.

శనివారం మధ్యాహ్నం. బొల్లాపల్లి దగ్గర ఒక ఊరి చర్చిలో సండే స్కూల్ నాటకానికి రిహార్సల్ జరుగుతోంది. ఐదో తరగతి చదివే కెజియాది యాజకుడైన ఏలీ వేషం. గడ్డానికి పత్తి వాళ్ళ నాన్న చేలోదే.

కథ కరుణ టీచర్ చెప్పారు. హన్నాకు పిల్లలు లేరు. ఎత్తిపొడుపులు భరించలేక మందిరానికి వెళ్ళి, ఏడుస్తూ మనసులోనే ప్రార్థించింది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. అది చూసి ఆమె తాగి వచ్చిందనుకున్నాడు ఏలీ.

గడ్డానికి జిగురు తెస్తానని టీచర్ బయటికెళ్ళారు.

అప్పుడు కెజియాకు వెనక బెంచీలో కుసుమత్త కనిపించింది. వాళ్ళ వీధిలో బట్టలు కుడుతుంది. కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాట లేదు.

అచ్చం హన్నాలాగే!

కెజియా గడ్డం సవరించుకుంటూ దగ్గరికెళ్ళింది. "ఏమ్మా! తాగొచ్చావా?"

పిల్లలు పడీపడీ నవ్వారు. కుసుమత్త కళ్ళు తెరిచింది. నిండా నీళ్ళు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

గుమ్మంలో టీచర్ నిలబడి ఉన్నారు. "ఏందే కెజియా ఇది?"

"ఉత్తినే టీచర్... నాటకం."

"తొమ్మిదేళ్ళుగా పిల్లల కోసం ప్రార్థిస్తోందే ఆమె." టీచర్ గొంతు తగ్గించారు. "సరే, హన్నా బాధ తెలిశాక ఏలీ ఏమన్నాడు?"

"నేను తిట్టేదాకే బట్టీ పట్టా టీచర్."

టీచర్ కాగితం చేతికిచ్చారు. కెజియా మిగతాది చదివింది. ఏలీ హన్నాను దీవించి పంపాడు. మరుక్షణం బయటికి పరుగు తీసింది.

వీధిలో కుక్కలు వెంటపడ్డాయి. అరుగు మీది చిన్నప్ప తాత కళ్ళు చికిలించాడు. "ఎవురయ్యా పెద్దాయనా? ఏ ఊరు మనది? ఈ వయసులో ఆ పరుగేంది?"

కెజియా ఆగలేదు. కుసుమత్త ఇంట్లోకి దూరి, రొప్పుతూ అంది.

"అత్తా, తప్పయిపోయింది. నువ్వు... నువ్వు క్షేమంగా ఇంటికి వెళ్ళు!"

"ఎక్కడికే వెళ్ళేది? ఇది మా ఇల్లే!"

కుసుమత్తకు నవ్వాగలేదు. పైటతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

కాసేపటికి కెజియా మెల్లగా అడిగింది. "హన్నాకు బాబు పుట్టాడు కదత్తా. నీకు కూడా పుడతాడా?"

"ఏమో. ఆరోజు హన్నాకూ తెలీదు. అయినా దేవుడు విన్నాడని నమ్మి, లేచి వెళ్ళి కడుపు నిండా అన్నం తిన్నది. ఆ కథలో నాకు చానా ఇష్టమైంది అదే." కుసుమత్త లేచి రెండు కంచాలు తీసింది. "పొద్దున్నించి నేనూ ఏం తినలా. దా."

గోంగూర పచ్చడితో తిన్నారు. ఏలీ గారి గడ్డం ఎర్రబడింది.

మర్నాడు ఆరాధన అయ్యాక, చర్చి ముందు ఒక పెద్దమ్మ కుసుమత్తను ఆపింది. "ఏమే కుసుమా, ఈ యేడన్నా ఏదన్నా విశేషం ఉందా, లేదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కుసుమత్త తల దించుకుంది.

కెజియా గుంపులోంచి దూసుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా, రా! చానా అర్జంటు!"

చర్చి వెనక్కి లాక్కెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టింది.

"ఏందే అంత అర్జంటు?"

"ఏం లేదత్తా," అంటూ కెజియా పక్కనే చతికిలబడింది. "ఊరికే."