దుప్పటి కప్పుకున్న సైకిల్

వాగు వంతెన దాటగానే భూమేశ్ గుండె పరుగందుకుంది.

డాక్టర్ కాత్యాయని వంతెన పక్కన నిలబడి చేతిలోని స్క్రీన్ చూస్తోంది. మిగతా అంకెలన్నీ బుద్ధిగా ఉన్నాయి. సైకిల్ మీద అతనికీ వెనకున్న భార్యకీ వెచ్చగానే ఉంది, బట్టలకు తడి లేదు, పెడల్ మీద బరువు బాగా తగ్గింది. ఎదురుగాలి తగలనివాడు, చదునైన రోడ్డు మీద తొక్కేవాడు, గుండెను అంతలా ఎందుకు కొట్టించుకోవాలి? నిన్నా ఇక్కడే, మొన్నా ఇక్కడే. తప్పు తను బిగించిన మెషీన్‌దా మనిషిదా అన్నది ఆవిడకు అంతుపట్టలేదు. మెషీన్‌ది కాదని మాత్రం గట్టి నమ్మకం. ఆ మాత్రం నమ్మకం లేనివాళ్లు ఏదీ కనిపెట్టలేరు లెండి.

ఆదిలాబాద్‌ని మీరు ఈ మధ్య చూడకపోతే కాస్త చెప్పాలి. పెట్రోలు బండ్లను ఊళ్లోకి రానివ్వడం మానేసి చాలా కాలమైంది. డాక్టరు సైకిలే, దొంగా సైకిలే, దొంగను పట్టే పోలీసూ సైకిలే. దానికి ఎవరికీ బాధ లేదు. బాధంతా చలికాలంతోనే. పూర్వం చలికాలమంటే చలి. ఒక స్వెట్టరు, ఒక మఫ్లరు ఉంటే మాఘమాసం దాకా లాగించేయొచ్చు. ఇప్పటి చలికాలానికి స్థిమితం లేదు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు చెయ్యి చాస్తే చెయ్యి కనిపించనంత మంచు. వాగు దగ్గరికి వచ్చేసరికి చెవులు కోసేసే ఉత్తరపు గాలి. మిల్లు గేటు దగ్గర ఎండ. తిరిగొచ్చేటప్పుడు, ఎవరు పిలిచారో, జల్లు. స్వెట్టరు వేసుకున్నవాడు చెమటకు తడుస్తాడు, వేసుకోనివాడు వానకు తడుస్తాడు. డ్యూటీకి వెళ్లేవాళ్లలో సగం మంది తుమ్ముతూ వెళ్లి దగ్గుతూ వచ్చేవాళ్లు.

ఈ పీడ వదిలించడానికే డాక్టర్ కాత్యాయని ఆ పెట్టెను చేసింది. చూడ్డానికి టిఫిన్ డబ్బాలా ఉంటుంది, హ్యాండిల్ కింద బిగిస్తారు. దాని ముందున్న సెన్సర్లు వచ్చే గాలి ఎటునుంచి, ఎంత వేగంగా వస్తోందో కనిపెడతాయి. వెంటనే సన్నటి గొట్టాలు అంతే జోరుగా ఎదురు ఊదుతాయి. గాలి మనిషిని తాకకుండా పక్కలకు జారిపోతుంది. మంచూ జల్లూ కూడా గాలితో పాటే తప్పుకుంటాయి. తొక్కేవాడి ఒంటి వేడి ఎటూ పోక చుట్టూనే నిలుస్తుంది. కరెంటు పెడల్ నుంచే పుడుతుంది. ఇంతే సంగతి. ఆవిడ దానికి 'వాయుకవచం' అని పేరు పెట్టింది. ఊరు దానికి 'దుప్పటి' అని పేరు పెట్టింది. ఏ పేరు నిలిచిందో మీకు చెప్పనక్కర్లేదు.

ఆవిడ తెలివంతా ఒక్క విషయంలో చూడాలి. ఈ ఊళ్లో వెనక క్యారియర్ ఖాళీగా పోయే సైకిల్ ఉండదు. భార్యో, తమ్ముడో, పక్కింటాయనో, ఎవరో ఒకరు ఎక్కాల్సిందే. అందుకని దుప్పటిని ఇద్దరికీ సరిపోయేలా కుట్టింది, అంటే గాలిని అలా మలిచింది. పరీక్షకు కూడా జంటనే వెతికింది. అలా దొరికిన జంట భూమేశ్, స్వరూప. ఇద్దరూ ఊరి బయట పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. అతను పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర, ఆమె పత్తి నాణ్యత తేల్చే గ్రేడింగ్ మెషీన్ల దగ్గర. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. పెళ్లయినప్పటి నుంచీ ఒకే సైకిల్ మీద పనికి వెళ్తున్నారు, అతను ముందు, ఆమె వెనక.

ఇక భూమేశ్ గుండె సంగతి.

సైకిల్ మీద ఎదురుగాలికి పోతుంటే ముందువాడి మాట వెనక్కి చక్కగా వెళ్తుంది. వెనకవాళ్ల మాట ముందుకు రాదు, గాలి ఎత్తుకుపోతుంది. పైగా చెవుల్లో హోరు. స్వరూపేమో క్యారియర్ ఎక్కిన దగ్గర్నుంచీ మాట్లాడే మనిషి. ఆమె ఏదో చెబుతోందని భూమేశ్‌కు వీపుకు తగిలే ఊపిరిని బట్టి తెలిసేది. ఊపిరి ఆగిన చోటల్లా "ఊ" అనేవాడు. కథ చెప్పే ముసలమ్మకు పిల్లలు ఊ కొట్టినట్టు, ఇన్నేళ్లూ కొట్టాడు. ఇందులో మోసం ఏమీ లేదు. ఆపి "ఏమన్నవ్?" అని అడిగితే డ్యూటీ టైము దాటిపోతుంది. ఊ కొడితే ఇల్లు చల్లగా ఉంటుంది. ఆదిలాబాద్ మగవాళ్లలో నూటికి తొంభై మందిది ఇదే పద్ధతి, మిగతా పదిమంది బ్రహ్మచారులు.

దుప్పటి బిగించిన మొదటి రోజు వంతెన దాటాక గాలి లేదు, హోరు లేదు. వెనకనుంచి భార్య గొంతు, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది.

"ఏమయ్యా, నిర్మల్‌ల కొత్త మిల్లు పెట్టిండ్రు. గ్రేడింగ్ నేర్పనీకి నన్ను రమ్మంటున్నరు. అక్కడే ఉండాలె, శనివారం శనివారం వస్త. నాకు పోవాలని ఉన్నది. ఇన్నేండ్లు ఒకరి కింద చేసిన, ఒక్కసారి నేను నేర్పుత. నీకు ఇబ్బందయితది, ఎరుకే. ఏమంటవ్?"

ఊపిరి ఆగింది.

"ఊ" అన్నాడు భూమేశ్. అలవాటు పడిన నోరు అది, అనేసింది.

అన్నాక గాని గుండె జారలేదు. వెనక్కి తిరిగి అడుగుదామంటే నోరు రాలేదు. రెండో రోజు అదే చోట అవే మాటలు, కాస్త మార్చి. మూడో రోజు ఇంకొంచెం మెత్తగా. అప్పుడు అర్థమైంది. స్వరూప అతనికి చెప్పడం లేదు. చెప్పడం నేర్చుకుంటోంది. ఇంట్లో మొహం చూసి చెప్పే ధైర్యం కోసం, వినపడదని ఆమె నమ్మిన వీపుకు చెప్పి సాధన చేస్తోంది. ఆ వీపు చాటున కూర్చునే ఆమెకు హోరు ఎప్పుడూ అంతగా లేదు, అది పోయిన తేడా తెలియలేదు. పుష్య అమావాస్యకు వచ్చే నాగోబా జాతర లోపు కొత్త మిల్లుకు జవాబు చెప్పాలట, లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుందట. అది కూడా వీపుకే చెప్పింది.

జాతర దగ్గరికొస్తోంది. రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఆమె నోరు తెరిచేది, "పప్పు ఇంకొంచెం వెయ్యనా?" అని మూసేసేది. భూమేశ్ "వెయ్" అనేవాడు. తను ఊరుకుంటే చాలు, జాతర దాటిపోతుంది. ఆమె ఉండిపోతుంది. క్యారియర్ మీద బరువు అలాగే ఉంటుంది. ఒక్క మాట కూడా అబద్ధం చెప్పక్కర్లేదు, ఊ కొడితే సరిపోతుంది. ఆలోచన సుఖంగానే ఉంది గాని అన్నం మాత్రం సయించలేదు.

వంతెన దగ్గర అంకెలు చూసిన ఆ పూట డాక్టర్ కాత్యాయని మిల్లు గేటు దగ్గరికే వచ్చింది. స్వరూప లోపలికి వెళ్లాక భూమేశ్‌ను ఎండలోకి పిలిచింది.

"భూమేశ్ గారూ, హ్యాండిల్ పట్టీలో మీ నాడి చూసే సెన్సర్ ఉందని ముందే చెప్పాను కదా. వంతెన దాటగానే మీ గుండె మెట్లెక్కినట్టు కొట్టుకుంటోంది. నొప్పి ఏమైనా ఉందా?"

"నొప్పి లేదు మేడమ్."

"భయమా?"

భూమేశ్ మిల్లు వైపు చూశాడు. "మీ దుప్పటి మంచిగనే ఉన్నది మేడమ్. చలి లేదు, తడి లేదు. ఇంత మంచిగ ఉంటదని అనుకోలే. కాని దాంట్ల మాటలు వినబడుతున్నయి."

"ఎవరి మాటలు?"

"మా ఇంటామెవి."

ఆవిడకు ముందు నవ్వొచ్చింది, అతని మొహం చూసి మానుకుంది. భూమేశ్ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఆవిడ చలిని లెక్క వేసింది, తేమను లెక్క వేసింది, పొగమంచు రేణువును లెక్క వేసింది. గాలి పోతే చప్పుడు కూడా పోతుందన్న సంగతి ఆవిడ లెక్కల్లో లేదు.

"చప్పుడు తిరిగి పెట్టడం నాకు పెద్ద పని కాదు" అంది చివరికి. "పెట్టమంటారా?"

"పెడితే ఏమయితది మేడమ్? విన్నది వినకుండ పోతదా?"

"పోదు."

"విన్నట్టు చెప్తే ఆమె నిర్మల్ పోతది. చెప్పకపోతే ఉంటది. ఉంటే నాకు మంచిగుంటది."

"ఆమెకు?"

భూమేశ్ పెట్టె మీది దుమ్ము తుడవసాగాడు. కాత్యాయని, "నేను గాలి సైంటిస్టును, కాపురాల సైంటిస్టును కాను" అంది. "కాని ఒకటి చెప్పగలను. ఇన్నేళ్లు మీరు వినకపోవడం గాలి తప్పు. ఇకమీద వినకపోతే గాలి మీదకు నెట్టడానికి లేదు."

మర్నాడు మంచు లేదు, పొద్దున్నే జల్లు పట్టుకుంది. వంతెన మీద గాలి జల్లును అడ్డంగా కొడుతోంది. దుప్పటి లోపల మాత్రం పొడిగా, నిశ్శబ్దంగా ఉంది. స్వరూప మొదలుపెట్టింది.

"ఏమయ్యా, జాతర దగ్గరికొచ్చింది. ఈ రాత్రి చెప్త, ఇగ తప్పదు. నిర్మల్‌ల..."

"పో" అన్నాడు భూమేశ్, తల తిప్పకుండా. "నిర్మల్ పో, స్వరూపా. నువ్వు నేర్పితే మంచిగ నేర్పుతవ్."

వెనక ఊపిరి ఆగిపోయింది.

"ఎన్నటి సంది వినబడుతున్నది?"

"పెట్టె పెట్టిన దినం సంది."

"అంతకుముందు?"

"అంతకుముందు ఒక్క ముక్క వినలే."

"అది నాకెరుకే" అంది స్వరూప. "ఎరుకయ్యే చెప్పుకున్న. మా అత్త మీద కోపం, నీ మీద కోపం, మా అవ్వ చచ్చిపోయిన బాధ, అన్నీ నీ వీపుకే చెప్పిన. నువ్వు వినవు గదా అని ధైర్యం." అతని వీపు మీంచి చెయ్యి తీసేసింది. "విననన్ని దినాలు ఊ కొట్టినవ్, సరే. విన్నంక కూడ ఊ కొడతవా?"

క్యారియర్ మీంచి దూకేసింది. దుప్పటి దాటి జల్లులోకి వెళ్లి, కొంగు తల మీదకు లాక్కుని, మిల్లు వైపు గబగబా నడవసాగింది. ఒక మనిషి బరువు తగ్గిందని పెట్టె కీచుకీచుమని మొత్తుకుంది. భూమేశ్ సైకిల్ దిగాడు. పెట్టె ఆపేశాడు. చల్లటి జల్లు మొహాన కొట్టింది. సైకిల్ నెట్టుకుంటూ ఆమె పక్కకు చేరాడు.

"నువ్వు పోతే ఈ తొవ్వ నాకు మంచిగ ఉండదు. అందుకే చెప్పలే. నాది తప్పే" అన్నాడు. గాలి హోరులో అరిచి చెప్పాల్సి వచ్చింది, పక్కన పోయే సైకిళ్లవాళ్లు కూడా విన్నారు. "మంచిగ ఉండకపోయినా పో."

స్వరూప ఏదో అంది. గాలి ఎత్తుకుపోయింది.

"ఏమన్నవ్?" అని అడిగాడు భూమేశ్. పెళ్లయ్యాక ఆ తొవ్వలో ఆ మాట అడగడం అదే మొదలు.

"జలుబు చేస్తది, తల తుడుచుకో అన్న" అంటూ స్వరూప కొంగు విసిరింది అతని మీదకు. ఇద్దరూ తడిసి ముద్దై మిల్లుకు చేరారు. దుప్పటి ఉండి కూడా తడిసిన మొదటి జంట వాళ్లే. ఆ రోజు అంకెలను కాత్యాయని పరీక్ష లెక్కల్లోంచి తీసేసింది.

జాతర ముందే స్వరూప నిర్మల్ వెళ్లింది.

దుప్పటి ఊరంతా అమ్ముడుపోయింది. తుమ్ములు తగ్గాయి, దగ్గులు తగ్గాయి. డాక్టర్ కాత్యాయనికి టౌన్ హాల్లో శాలువా కప్పారు. ఆ చలికాలం ముగిసేలోపే మాత్రం పెట్టెలు ఒక్కొక్కటే ఆవిడ ల్యాబ్‌కు తిరిగి రాసాగాయి. పాడయ్యాయా అంటే లేదు. "మేడమ్, చలి రాకుండా ఉండాలె, చప్పుడు మాత్రం వచ్చేటట్టు చెయ్యండి" అని ఒక పంతులు గారు. అన్నదమ్ములు ఇద్దరు ఒకే సైకిల్ మీద వచ్చి, విడివిడిగా లోపలికి వెళ్లి, ఒకే కోరిక కోరారు. ఆవిడ నిట్టూర్చి, పెట్టెకు ఒక చిన్న బటన్ పెట్టింది. నొక్కితే గాలి తగలదు గాని హోరు మాత్రం వినిపిస్తుంది. ఎన్నో ఏళ్ల పరిశోధన ఒక పక్క, సాయంత్రం పూట కూర్చుని చేసిన ఆ బటన్ ఒక పక్క. పెట్టెలమ్మే కంపెనీ వాళ్ల దగ్గర ఇప్పుడు జనం ముందు అడిగేది బటన్ ఉందా లేదా అనే.

భూమేశ్ కూడా ఆ బటన్ పెట్టించుకున్నాడు. ఒక్కడే పోయేవాడికి అదెందుకని కాత్యాయని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. చూసినవాళ్లు చెప్పేదేమంటే, వంతెన దాటగానే బటన్ నొక్కి, ఖాళీ క్యారియర్‌తో ఏదో మాట్లాడుతూ తొక్కుతాడట. శనివారం చెప్పాల్సిన మాటలు. మొహం చూసి చెప్పే అలవాటు అతనికీ లేదు మరి.

శనివారం సాయంత్రం బస్టాండు నుంచి స్వరూప క్యారియర్ ఎక్కింది. నిర్మల్ కబుర్లు కొన్ని చెప్పి ఊరుకుంది. మబ్బు కమ్మింది, ఉత్తరపు గాలి లేచింది. భూమేశ్ బటన్ వైపు చూశాడు, నొక్కలేదు. దుప్పటి లోపల నిశ్శబ్దంగా ఉంది. గొంతు సవరించుకుని వారం రోజులుగా కూడబెట్టుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు బోసిగా ఉందని, పప్పు తను వండితే పప్పులా ఉండటం లేదని, ఆమె నేర్పిన పిల్లలు ఎట్లా చేస్తున్నారో తనకు తెలుసుకోవాలని ఉందని, ఇంకా ఏవేవో.

చెప్పి ఊపిరి తీసుకున్నాడు.

"ఊ" అని వెనకనుంచి స్పష్టంగా వినిపించింది.

విని అన్నదో, ఊరికే అన్నదో భూమేశ్‌కు తెలియలేదు. అది తెలిపే మెషీన్ ఇంకా రాలేదు.